చెప్పుల దుకాణంలో భజన

మూతబడిన ఒక చెప్పుల దుకాణాన్ని మన సంఘం అద్దెకు తీసుకుని, పిల్లలకు కూచిపూడి క్లాసులు, ఆదివారాలు భజనలు అక్కడ పెట్టుకోవాలన్న ప్రస్తావన సభ్యులందరికీ తెలిసిందే. కిందటి సమావేశంలో "జోనింగ్ పర్మిషన్ సంగతేమిటండీ?" అని నేనడిగితే, "ముందు మొదలుపెడదాం డాక్టరుగారూ, ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం" అన్నారొక పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు.

గోడలు అవే, కప్పు అదే, అద్దె మనది. మధ్యన మునిసిపాలిటీ ఎవరు అనిపించడం సహజం. కాని చెప్పుల దుకాణంలో ఒక వేళకు పదిమంది ఉంటే ఎక్కువ. మన భజనకు నూరుమంది, వాళ్ళ కార్లు, కర్పూర హారతి. 2016లో ఓక్‌లండ్‌లో గిడ్డంగిగా మాత్రమే అనుమతి ఉన్న భవనంలో కొందరు కాపురముంటూ, సంగీత కార్యక్రమాలు జరుపుతూ వచ్చారు. ఒక రాత్రి నిప్పంటుకుని 36 మంది పోయారు.

అయితే ప్రమాదం ఒక్కటే కాదు నా బాధ. నా వృత్తిలో కత్తి పట్టేముందు రోగి సమ్మతి తీసుకుంటాం. ఆపరేషను ఎంత చక్కగా జరిగినా, అడగకుండా చేస్తే తప్పే. ఆ వెనక వీధిలో ఉన్న ముసలాయన చెప్పుల దుకాణం పక్కన ఇల్లు కొనుక్కున్నాడు గాని, సభాభవనం పక్కన కాదు. బహిరంగ విచారణలో ఆయన చెప్పేది వినవలసిన బాధ్యత మనకుంది.

"మనల్ని చూసి కాదంటే?" అన్నారొకరు. ఆ భయం ఉత్తది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1880లో చెక్క ఇళ్ళలో లాండ్రీలకు అనుమతి కావాలన్నారు. దరఖాస్తు పెట్టిన చైనా వాళ్ళు సుమారు 200 మందికీ లేదన్నారు. తక్కినవాళ్ళకు దాదాపు అందరికీ ఇచ్చారు. 1886లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కాని ఒకటి గమనించండి: వాళ్ళు అడిగారు కాబట్టే అన్యాయం కాగితం మీదికి ఎక్కింది. దొంగచాటుగా నడిపేవాడికి కోర్టులో నిలబడి న్యాయమడిగే మొహం ఎక్కడిది?

పర్మిషన్ వచ్చాకే లీజు అమల్లోకి వచ్చేట్టు రాయమని యజమానిని అడుగుదామని నా ప్రతిపాదన. ఒప్పుకోకపోతే వేరే చోటు వెతకాలి. నెలలు పట్టవచ్చు; నృత్యం టీచరుగారికి ఇబ్బందే. అందాకా క్లాసులు మా బేస్‌మెంటులో పెట్టుకోమన్నాను. (దానికి మాత్రం పర్మిషన్ అక్కర్లేదా అని మా ఆవిడ అప్పుడే అడిగింది. సోమవారం టౌన్ హాలుకి ఫోన్ చేయాలి.)