ఒక్కరి కోసం తెరిచిన తలుపు



ఈ వారం వీడియోలో అష్టావక్రుడి కథ చెప్పుకున్నాం. ఎనిమిది వంకరలున్న ఆ శరీరాన్ని చూసి జనక మహారాజు సభ నవ్వింది. చర్మం చూసి మనిషికి వెల కట్టే మీరు పండితులెలా అయ్యారని ఆయన తిరిగి నవ్వాడు. రికార్డింగ్ అయ్యాక నాకో మాట గుచ్చుకుంది. ఆ సభలో నేనుంటే ఎటువైపు ఉండేవాణ్ణి?

మాది కోట. గూడూరులో రైలు దిగి బస్సెక్కితే మా ఊరు. పోయిన శ్రీరామనవమికి లీవు పెట్టి వెళ్లాను. మా వీధిలో ఒక మామ ఉన్నారు. చిన్నప్పుడే పోలియో వచ్చింది, మూడు చక్రాల బండి మీద తిరుగుతారు. పందిరి చందాల లెక్క, పానకం, వడపప్పు పంపకం అంతా ఆయన చేతుల మీదే నడుస్తుంది. కల్యాణం టైమ్‌కి మాత్రం ఆయన గుడి మెట్ల కిందే ఆగిపోయారు. నేను పరుగెత్తి, "రాండి మామా, ఎత్తుకుని తీసుకుపోతా" అన్నా. నిజం చెప్పాలంటే, అప్పుడు నా ఇంకో చేతిలో ఫోన్ ఉంది. ఎవరైనా ఒక ఫోటో తీస్తే బాగుండని మనసులో ఉంది.

ఆయన నవ్వారు. "ఈరోజు నువ్వుండావు, ఎత్తుకుంటావు అబ్బయ్యా. రేపు బెంగుళూరు పోతావు. నాకు మోసేవాళ్లు వద్దు, దారి కావాల."

ఆ మాట దగ్గర ఆలోచిస్తుంటే నాకు విజయనగరం సంగీత కళాశాల గుర్తొచ్చింది. దాన్ని 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు స్థాపించారు. ఎందుకో తెలుసా? ఆస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదట, సంగీతమంటే ప్రాణమట. ఆ పిల్లవాడి కోసం మొదలైన కళాశాల అని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజు తలచుకుంటే నాలుగు డబ్బులిచ్చి పంపేయొచ్చు. అలా కాకుండా బడి కట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా పెట్టారు.

ఆ కొత్త బడికే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. 1893లో పుట్టారు, విశాఖపట్నంలో పెరిగారు. ఆయన కంటిచూపు బాగా మందం. అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. విజయనగరంలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయిద్యం విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. అప్పటిదాకా ఎక్కువగా పాటకి పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని ఒంటరిగా కచేరీ చేసే స్థాయికి తెచ్చినవాళ్లలో ఆయన పేరు ముందుంటుంది.

నన్ను కదిలించింది మాత్రం బిరుదులు కాదు. 1952లో ఢిల్లీలో ఆయన ఒక కచేరీ చేశారు. అది అంధుల పాఠశాల సహాయార్థం చేసింది. చూపు సరిగ్గా లేని మనిషి అక్కడ దాత! మనం దానం చేసే చెయ్యి ఎప్పుడూ మనదే అనుకుంటాం. అవతలివాళ్లకి ఇచ్చే చెయ్యి ఉంటుందని మర్చిపోతాం. మా మామ ఎన్నేళ్లుగానో ఊరందరికీ పానకం పోయిస్తున్నారు. నేను చూసింది ఆయన కాళ్లని మాత్రమే.

ఇంకో మాట కూడా మనం వదిలేయాలి. "పోయిన జన్మలో ఏ పాపం చేశాడో" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! కర్మ సిద్ధాంతం నా ముఖం నేను చూసుకునే అద్దం. దాన్ని పక్కవాడి మీద తీర్పుగా వాడకూడదు. ఆయన పూర్వజన్మ సంగతి నాకు తెలియదు. మెట్ల పక్కన వాలు దారి లేకపోవడం మాత్రం ఈ జన్మలో, మనం చేయని పని. ఆ కర్మ మనది.

ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన ఆ తలుపులోంచి తర్వాత ఎవరెవరు వెళ్లారో చూడండి. ఘంటసాల గారు అక్కడే చదివారు. సుశీల గారు అక్కడే చదివారు. ఇవాళ మనం పొద్దున్నే వినే ఎన్నో భక్తి పాటల వెనక ఆ తలుపు ఉంది. గుడి దగ్గర వాలు దారి వేసినా అంతే. మామతో పాటు మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ వస్తుంది, చంటిబిడ్డ బండితో తల్లి వస్తుంది.

అందుకే నవమి మర్నాడు టేపు తీసుకుని కొలిచాను. మెట్ల ఎత్తు రెండు అడుగులు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు కావాలి, అంటే ఇరవై నాలుగు అడుగులు. గీసి మామకి చూపించాను. ఆయన కాసేపు చూసి, "బాగుందిగానీ, వాన నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగారు. ఇంజనీరింగ్ చదివింది నేను. ఆ సంగతి నాకు తట్టలేదు!

ఇప్పుడు ప్లాన్ ఆయనే సరిచేస్తున్నారు. పెద్దలతో మాట్లాడుతున్నాం. వచ్చే నవమికల్లా అయిపోవాలని రాముణ్ణి వేడుకుంటున్నా.

ఈ శనివారం మీరు గుడికి వెళ్తారు కదా. దండం పెట్టుకునే ముందు ఒక్క నిమిషం గుమ్మం దగ్గర ఆగండి. ఎవరు లోపలికి రాలేకపోతున్నారో చూడండి. వాళ్లని మోయడానికి తొందరపడొద్దు. ఏం కావాలో ముందు వాళ్లనే అడగండి.

జై శ్రీరామ్. శుభం.