వేర్వేరు ప్రశ్నలు, ఒకే కొలబద్ద: జీమ్యాట్‌లో సమన్యాయం

బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అభ్యర్థులకు ఒకే ప్రశ్నలు రావు. అయినా ఇద్దరి స్కోర్లనూ పోల్చి ఎవరు ముందో తేలుస్తారు. సమానత్వమంటే అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వడమా, అందరినీ ఒకే ప్రమాణంతో కొలవడమా? నీతిశాస్త్రంలో పాతదైన ఈ ప్రశ్న ఆ పరీక్ష నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

అమెరికా బిజినెస్ స్కూళ్ల కోసం 1950లలో మొదలైన ఈ పరీక్ష 1997లో కంప్యూటర్ అడాప్టివ్ పద్ధతికి మారింది. 2023 నవంబరులో వచ్చిన రూపంలో మూడు విభాగాలున్నాయి: క్వాంటిటేటివ్‌లో 21 ప్రశ్నలు, వెర్బల్‌లో 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20. ఒక్కోదానికి 45 నిమిషాలు. ఏ విభాగం ముందు రాయాలో అభ్యర్థి ఇష్టం. విభాగం చివర్లో సమయం మిగిలితే మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు. విభాగాల స్కోరు 60 నుంచి 90 దాకా, మొత్తం స్కోరు 205 నుంచి 805 దాకా ఉంటుంది. మూడు విభాగాలకూ సమాన ప్రాధాన్యం. హైదరాబాద్, మొహాలీల్లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కూడా ప్రవేశాలకు ఈ స్కోరును స్వీకరిస్తుంది.

అడాప్టివ్ పద్ధతిలో పరీక్ష సాగే కొద్దీ, అప్పటివరకు ఇచ్చిన జవాబులను బట్టి కంప్యూటర్ అభ్యర్థి స్థాయిని అంచనా వేసి, దానికి తగిన ప్రశ్నను ఎంచుతుంది. సరైన జవాబులు వస్తుంటే కఠినత పెరుగుతుంది, తప్పులు వస్తుంటే తగ్గుతుంది. హైజంప్‌లో ఎన్నిసార్లు దూకారన్నది కాక, ఎంత ఎత్తు దాటారన్నదే లెక్క అయినట్టు, ఇక్కడ సరైన జవాబుల సంఖ్య ఒక్కటే స్కోరును తేల్చదు. ఆ ప్రశ్నల కఠినత ఎంత, సామర్థ్యం ఉన్నవారినీ లేనివారినీ అవి ఎంత స్పష్టంగా వేరుచేస్తాయి, గుడ్డిగా ఊహించి సరైన జవాబు కొట్టే అవకాశం ఎంత అన్నవీ లెక్కలోకి వస్తాయి. ఐటమ్ రెస్పాన్స్ సిద్ధాంతం ఇచ్చిన పద్ధతి ఇది. ప్రశ్నలను పూర్తిచేయకుండా వదిలేసినా స్కోరు తగ్గుతుంది.

సమానులను సమానంగా, అసమానులను వారి తేడాకు తగినట్టుగా చూడటమే న్యాయమన్నాడు అరిస్టాటిల్. వేదాంత సంప్రదాయంలోని అధికారి భేదం కూడా శిష్యుడి అర్హతను బట్టే బోధ ఉండాలంటుంది. ఈ రెండు దృష్టులూ అడాప్టివ్ పద్ధతికి కొంత ఊతమిస్తాయి. అందరికీ ఒకే పత్రం ఇస్తే, మరీ తేలికైన ప్రశ్నలు దిట్టల మధ్య తేడాను చూపవు, మరీ కఠినమైనవి బలహీనుల మధ్య తేడాను చూపవు. తగిన ప్రశ్న ఎదురైనప్పుడే ఎవరి స్థాయి ఎంతో బాగా తెలుస్తుంది.

అయితే న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు కనిపించాలి కూడా. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో ఒక స్లాట్ వారందరికీ ఒకే ప్రశ్నలు వస్తాయి. తర్వాత జవాబుల కీ విడుదలవుతుంది, అభ్యంతరాలు చెప్పుకునే వీలుంటుంది. స్లాట్ల మధ్య తేడాను సర్దడానికి మాత్రం అక్కడా గణితాన్నే ఆశ్రయిస్తారు. జీమ్యాట్‌లో ప్రశ్నలు రహస్యం. తన స్కోరు ఎలా వచ్చిందో అభ్యర్థి స్వయంగా లెక్కకట్టుకోలేడు. కొలబద్దను నమ్మడమే అతనికి మిగిలేది.

ఆ కొలబద్ద కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ముందు పరీక్ష రాసినవారి జవాబుల నుంచే ప్రతి ప్రశ్న కఠినతనూ నిర్ణయిస్తారు. పరీక్షలో స్కోరుకు లెక్కలోకి రాని కొన్ని ప్రయోగాత్మక ప్రశ్నలు కలపడం ఇందుకే. అవి ఏవో అభ్యర్థికి తెలియదు. అంటే కొలతకు లోనయ్యేవారే తర్వాతివారిని కొలిచే ప్రమాణాన్ని తయారుచేస్తున్నారు.

తత్వవేత్త జాన్ రాల్స్ 1971 నాటి తన న్యాయసిద్ధాంత గ్రంథంలో అసంపూర్ణ విధాన న్యాయమన్న భావనను వివరించాడు. ఏది సరైన ఫలితమో చెప్పే ప్రమాణం విడిగా ఉంటుంది కానీ, ఆ ఫలితాన్ని తప్పక రాబట్టే విధానం దొరకదు. నేర విచారణ దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ. ప్రవేశ పరీక్ష కూడా ఈ కోవలోనిదే. స్కోరు ఒక అంచనా, అందులో కొంత దోషం తప్పదు. పుట్టుకతో వచ్చిన ప్రతిభ గానీ, అది వికసించడానికి దోహదపడిన కుటుంబ పరిస్థితులు గానీ మనిషి సంపాదించుకున్నవి కావని కూడా రాల్స్ వాదించాడు. ఇంగ్లిష్ చదువు, కోచింగ్, తీరిక దొరికినవారికీ దొరకనివారికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ అల్గారిథమూ సరిచేయలేదు.

కాబట్టి ప్రశ్నలు వేరైనంత మాత్రాన అడాప్టివ్ పరీక్ష అన్యాయమైపోదు, కొలత కచ్చితమైనంత మాత్రాన న్యాయం పూర్తయిపోదు. పరీక్ష రాసిన రోజు, ఆ సమయంలో అభ్యర్థి తర్కం ఏ స్థాయిలో ఉందన్నంత వరకే స్కోరు చెబుతుంది. సీటుకు ఎవరు అర్హులన్నది విలువలకు సంబంధించిన నిర్ణయం. దాని బాధ్యత కొలిచే యంత్రానిది కాదు, ఎంపిక చేసే సంస్థది.