ఇంట్లో వాదన, సమ్మా వాచా



మీటింగుల్లో మనం బాగానే మాట్లాడతాం. మైకు ముందు నిలబడి మనుస్మృతిని ఏకిపారేస్తాం. చిక్కంతా ఇంట్లోనే. దీక్ష తీసుకున్నాక మొదటి గొడవ బయటివాళ్ళతో కాదు, అమ్మతో, అన్నతో, కట్టుకున్న మనిషితో వస్తుంది. గోడ మీది పటాలు తియ్యాలా వద్దా? నాయన చనిపోతే పిండం పెట్టాలా వద్దా? ఈ గొడవల్లో తోడబుట్టినవాళ్ళు మాటలు మానేసిన ఇళ్ళు మీ ఊళ్ళోనూ ఉంటాయి.

నా సంగతే చెప్తాను. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న ఏడాది బోనాల నాడు అమ్మ పోచమ్మకు బోనం వండుతోంది. నేను బయటినుంచి వచ్చి, "నీకు బుద్ధి లేదా, ఇంకా ఈ రాళ్ళకే మొక్కుతవా?" అన్నాను. చుట్టాల ముందే అన్నాను. అమ్మ కుండ దించి ఒక్క మాటే అడిగింది: "మీ బుద్ధుడు కన్నతల్లితోని గిట్లనే మాట్లాడుమన్నడా కొడకా?" మర్నాడు తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు మా గడప తొక్కలేదు.

అప్పట్లో నా సమర్థన ఒక్కటే: నేనన్నది నిజమే కదా! పంచశీలలో నాలుగోది అబద్ధమాడొద్దంటుంది, నేను ఆడలేదు. కానీ అష్టాంగ మార్గంలోని సమ్మా వాచా అబద్ధం దగ్గర ఆగదు. చాడీలు, పరుషమైన మాటలు, పనికిరాని ముచ్చట్లు కూడా మానమంటుంది. మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడికి బుద్ధుడు దీన్ని ఇంకా విప్పి చెప్పాడు. మాట నిజం కావాలి, మేలు చేసేది కావాలి. అలాంటి మాట ఎదుటివారికి చేదుగా ఉన్నా తథాగతుడు చెప్తాడు, అయితే సమయం చూసి చెప్తాడు. అంటే నోరు మూసుకోమని కాదు. (శాంతి పేరుతో ఇంట్లో ఆడవాళ్ళ నోరు మూయించే ఉపాసకులు కూడా మనలో ఉన్నారు, వాళ్ళు ఇది గమనించాలి.) చెప్పాల్సింది చెప్పాలి. పొయ్యి దగ్గర, పదిమంది ముందు కాదు.

అదే నికాయంలో ఉపాలి కథ ఉంది. ఉపాలి నాలందలో ధనికుడైన గృహస్థు, నిగంఠ నాతపుత్తుడి శిష్యుడు. శరీరంతో చేసే కర్మ పెద్దదా, మనసుతో చేసేది పెద్దదా అన్న విషయంలో బుద్ధుణ్ణి ఓడిస్తానని వచ్చాడు. వాదనలో తన మాటే తనకు అడ్డం తిరిగింది. మీ ఉపాసకుణ్ణి అవుతానన్నాడు. మనమైతే వెంటనే దండ వేసి ఫోటో దిగేవాళ్ళం! బుద్ధుడు మాత్రం బాగా విచారించుకొమ్మన్నాడు. పైగా, నీ ఇల్లు ఎన్నాళ్ళుగానో నిగంఠులకు ఆధారం, వాళ్ళు వస్తే భిక్ష పెట్టడం మానొద్దన్నాడు. వాదంలో గెలిచినా, ఎదుటివాళ్ళ అన్నం మీద దెబ్బ కొట్టలేదు.

బాబాసాహెబ్‌నే చూడండి. 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా చావనని ప్రకటించారు. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్ళు చదివారు, వాదించారు, ఆలోచించారు. అంతటి మనిషి 21 ఏళ్ళు తీసుకుంటే, నేను మా అమ్మకు 21 నిమిషాలు కూడా ఇవ్వలేదు.

చివరికి తమ్ముడి ఇంటికి పోయి, "తప్పుగా మాట్లాడిన" అన్నాను. ప్రతిజ్ఞలు తప్పని అనలేదు, అనను కూడా. పోచమ్మ ఎందుకని ఈసారి అడిగి, ఊరుకుని విన్నాను. చిన్నప్పుడు తమ్ముడికి తల్లి పోసినప్పుడు ఊళ్ళో డాక్టరు లేడట, పట్నం పోను బస్సు కిరాయి లేదట. రాత్రంతా వేపమండతో విసురుతూ కూర్చున్న ఆమెకు దిక్కు ఎవరు? నలభై ఏళ్ళొచ్చినా నాకీ సంగతి తెలియదు. తర్వాత నా వంతు వచ్చింది. ఆ డాక్టరు, ఆ కిరాయి మన వాడకు ఎందుకు అందలేదో చెప్పాను. విన్నది. ఒప్పుకోలేదు.

అమ్మ ఇప్పటికీ బోనం ఎత్తుతుంది. నేను పోను, ఎందుకు పోనో ఆమెకు తెలుసు. పోయిన బుద్ధ పూర్ణిమకు మాత్రం విహారానికి వచ్చి వెనక వరుసలో కూర్చుంది. ఇంటికొచ్చాక అడిగింది: "దేవుడే లేడంటిరి, మరి ఆ బొమ్మ ముందట కొవ్వొత్తులెందుకు ముట్టిచ్చిండ్రు?"

ఆ రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నాం.