సహృదయురాలి సాక్ష్యం

జపాన్ యానిమేషన్ అయిన అనిమే చూసే అమ్మాయి గురించి, కార్టూన్లంటే ఇష్టపడే ఇల్లాలి గురించి లోకం ఇచ్చే తీర్పులు ముఖ్యంగా మూడు. ఇంకా చిన్నపిల్ల బుద్ధులు పోలేదన్నది ఒకటి. మగపిల్లల కంట్లో పడడానికి వేసే వేషమన్నది రెండోది. కథ ఏదైనా ఆవిడ చూసేది అందగాడైన హీరో కోసమే అన్నది మూడోది. ఈ మూడింటికీ పొంతన లేదు. నిజంగా చిన్నపిల్ల బుద్ధే అయితే మగవాళ్లను ఆకట్టుకునే లౌక్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతా వేషమే అయితే హీరో మీద ఆ మోజు ఎక్కడిది? అయినా ఒకే నోట మూడూ వినిపిస్తాయంటే, చూసి తేల్చుకున్న మాటలు కావవి, ముందే తేల్చుకుని చూసినవి. మూడింటి అడుగునా ఉన్న పద్ధతి మాత్రం ఒకటే. అబ్బాయి ఫలానా సిరీస్ బాగుందంటే అందులో ఏముందని అడుగుతాం. అమ్మాయి అదే మాటంటే ఆమెకేమైందని ఆలోచిస్తాం. అతని ఇష్టానికి వాదన ఉంటుందనుకుంటాం, ఆమె ఇష్టానికి రోగనిర్ణయం చేస్తాం. చెప్పిన మాటలో సత్తా చూడకుండా, చెప్పిన మనిషి ఏ వర్గమో చూసి నమ్మకం తగ్గించుకోవడాన్ని తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన తన పుస్తకంలో జ్ఞాన విషయకమైన అన్యాయంగా లెక్కగట్టింది. తన ఆనందానికి తానే సాక్షి అయిన మనిషి సాక్ష్యాన్ని కొట్టిపారేయడం కంటే ఆ అన్యాయానికి తేటైన ఉదాహరణ దొరకదు.

ఇది పరాయి దేశపు జాడ్యమేమీ కాదు. నాట్యశాస్త్రం ఇరవై ఏడో అధ్యాయంలో ఎవరికి ఏది నచ్చుతుందో చెబుతూ భరతుడు శూరులకు రౌద్ర బీభత్సాలూ యుద్ధాలూ, వృద్ధులకు ధర్మకథలూ పురాణాలూ పంచాడు. పిల్లల్నీ మూర్ఖుల్నీ స్త్రీలనీ ఒకే గాటన కట్టి, వాళ్లకు హాస్యమూ వేషధారణా చాలన్నాడు. రంగురంగుల బొమ్మలు కదిలితే ఆడవాళ్లు, పిల్లలు మురిసిపోతారనే నేటి మాటకు ఇంత పాత వంశవృక్షం ఉంది. కానీ దానికి జవాబు కూడా ఆ సంప్రదాయంలోనే ఉంది. అదే శాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు, ధ్వన్యాలోకం మీద రాసిన లోచనంలో సహృదయుడెవరో చెప్పేటప్పుడు వయసునీ లింగాన్నీ కొలతగా పెట్టలేదు. ఎడతెగని కావ్యాభ్యాసంతో మనసు నిర్మలమై, వర్ణించిన దానితో తన్మయం కాగలగడమే ఆయన పెట్టిన అర్హత. ఆయన స్త్రీల పక్షాన వాదించాడని చెప్పడం అతిశయోక్తే అవుతుంది. అయితే రసాస్వాదన సాధనతో అబ్బేదని ఒప్పుకున్నాక, అది పుట్టుకతో కొందరికి దక్కనిదని చెప్పడం కుదరదు. ఆ అర్హతను నిలకడగా పట్టుకుంటే భరతుడి పట్టిక నిలవదు.

స్త్రీలకు అనిమే లోకంలో ఆ సాధన ఉందా అంటే, ఆ లోకం నిలబడిందే చాలావరకు దాని మీద. 1975 డిసెంబరులో టోక్యోలో మొదటి కామిక్ మార్కెట్ జరిగినప్పుడు వచ్చిన సుమారు ఏడు వందల మందిలో ఎక్కువ మంది షోజో మాంగా, అంటే అమ్మాయిల కోసం గీసే బొమ్మల కథలు, చదివే బడి వయసు ఆడపిల్లలే. అభిమానులు సొంతంగా గీసి అచ్చువేసుకున్న పుస్తకాల సంతగా మొదలైన ఆ కామికెట్ ఇప్పుడు లక్షల మంది తిరునాళ్ల. 1972లో రియోకో ఇకెదా మొదలుపెట్టిన 'రోజ్ ఆఫ్ వెర్సాయ్' ఫ్రెంచి విప్లవాన్ని ఇంటింటి కథ చేసింది. 1978లో 'ఉరుసె యత్సుర'తో రుమికో తకహాషి మగపిల్లల వారపత్రికలోనే జెండా పాతింది. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' గీసిన హిరోము అరకావా మగపేరులా వినిపించే కలంపేరు పెట్టుకున్న స్త్రీ. మగతనానికి నమూనాగా కుర్రాళ్లు కొలిచే 'డ్రాగన్ బాల్' హీరో గోకుకి 1986 నుంచి జపనీస్ గొంతు నటి మసాకో నొజావాది. అయినా 'ఒటాకు', అంటే అనిమే మాంగాల వీరాభిమాని, అనగానే చీకటి గదిలో ఒంటరి మగవాడే మనసులో మెదులుతాడు. 1983లో ఒక పత్రికా శీర్షిక ఆ ముద్రను ప్రచారంలో పెడితే, 1989లో పసిపిల్లల హత్యల కేసులో దొరికిన యువకుడి గదిలోని వీడియో టేపుల దొంతరలు దాన్ని భయంకరం చేశాయి. ఆ బొమ్మ గట్టిపడే కొద్దీ మొదటి నుంచీ ఉన్న ఆడవాళ్లు చుట్టాలుగా, ఆలస్యంగా వచ్చినవాళ్లుగా కనబడసాగారు.

కార్టూన్లు పిల్లలవి, పెద్దవాళ్లు ఎవరు చూసినా నవ్వుతాం, ఇందులో ఆడా మగా ఏముందని కొందరంటారు. కోబె నగరం మీద బాంబుల వర్షం నడుమ ఇద్దరు పిల్లల ఆకలిచావును చూపిన ఇసావో తకహాతా 1988 నాటి చిత్రం 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' చూశాక, బొమ్మలు గనక పిల్లలవే అనడం కష్టం. అది పక్కన పెట్టినా, నవ్వు ఇద్దరి మీదా ఒకేలా పడదు. 1947లో మొదలైన చందమామ పిల్లల పత్రికే, తాతలు చదివితే మాత్రం ముచ్చటపడ్డాం. బొమ్మల సినిమా చూసే కొడుకుతో ఎదగమంటారు. కూతురితో ఆ మాటకు తోడు పెళ్లి, అత్తారిల్లు ప్రస్తావన కూడా తెస్తారు. తోటి అభిమానుల మధ్య అతనికి పలకరింపు దొరికితే ఆమెకు ప్రవేశ పరీక్ష ఎదురవుతుంది. ఎన్ని ఎపిసోడ్లు చూశావు, ఫలానా పాత్ర శక్తి పేరేమిటని అడిగి, జవాబు తప్పితే నటన అంటారు, ఒప్పయితే ఎవరు నేర్పారంటారు.

రెండో ఆక్షేపణ కాస్త బరువైనది. అభిరుచుల్లో తేడాలు నిజంగానే ఉన్నాయి కదా, జపాన్‌లో పత్రికలే ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరుగా అమ్ముతారు కదా అంటారు. అమ్మే తీరును బట్టి స్వభావాన్ని తేల్చలేం. స్త్రీ స్వభావమని మనం పిలిచేది పెంపకపు ఒత్తిళ్లు మలచినదని, ఆ ఒత్తిళ్లు తీసి చూడకుండా అసలు స్వభావం తెలిసిందనలేమని జాన్ స్టూవర్ట్ మిల్ 1869లోనే వాదించాడు. పోనీ, చాలామంది స్త్రీలు ప్రేమకథలే కోరుకుంటారనుకుందాం. అది తక్కువ ఎందుకైంది? శృంగారమే అసలు రసమని భోజరాజు ఒక మహాగ్రంథమే రాశాడు. రాజు ఆస్వాదిస్తే రసరాజమూ, అమ్మాయి ఆస్వాదిస్తే చాపల్యమూ అయ్యే కొలబద్దలో తప్పు రసానిది కాదు. నేను మిగతా ఆడపిల్లల్లా కాదు, యుద్ధాల కథలే చూస్తానని గర్వంగా చెప్పుకునే అభిమాని కూడా తెలియకుండా అదే కొలబద్దను ఒప్పుకుంటోంది. ఆమెకు దొరికేది మినహాయింపే, న్యాయం కాదు.

అన్నిటికన్నా గట్టి ప్రశ్న వేరే ఉంది. ఆడదాన్ని అంగాంగ ప్రదర్శనగా గీసే సిరీస్‌లు అనిమేలో కొల్లలు. ఆత్మగౌరవం ఉన్న స్త్రీ వాటిని ఎలా మెచ్చుకుంటుంది? ఆరోపణలో నిజం ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. అయితే ఇదే ప్రశ్న తెలుగు సినిమా ప్రేక్షకుడిని మనం అడగం. అతను పాట బాగుందంటూనే సన్నివేశం చెత్తగా ఉందని అనగలడని మనకు తెలుసు. ఆస్వాదన అంటే ఆమోదముద్ర కాదు. కథలోని భావాన్ని సొంత లాభనష్టాల నుంచి విడదీసి అందరిదిగా అనుభవించడాన్ని మన ఆలంకారికులు సాధారణీకరణమన్నారు. ఆ అనుభవం విమర్శకు అడ్డు కాదు, విమర్శకు పట్టు ఇచ్చేదే అది. జపాన్ మహిళా అభిమానులు తమకు నచ్చని చోట కథను తిరగరాసి, సొంత పుస్తకాలుగా కామికెట్‌లో అమ్మారు. ప్రేమించి చదివినవాళ్లే లోపం ఎక్కడుందో చూపించగలిగారు.

2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' అనే అనిమే సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది, కాబట్టి ఈ ప్రశ్న మన ఇళ్లదీ అయింది. మహిళా అభిమాని ఏం చెప్పినా ఒప్పుకోవాలని కాదు. ఆమె అభిప్రాయం తప్పు కావచ్చు, అభిరుచి నాసిరకం కావచ్చు. ఆ సంగతి తేలాలంటే ముందు ఆ సిరీస్ గురించి ఆమెతో వాదించాలి, ఓడే అవకాశం మనకూ ఉండాలి. రోగనిర్ణయంతో సరిపెట్టుకున్నవాడికి ఆ అవకాశం లేదు. ఆమె చూసిందేమిటో తెలిసే దారి కూడా అతనికి లేదు.