కొన్ని వారాల పరదేశవాసం: ఏ నేల ధర్మం?

ఉద్యోగం ఒక ఊళ్లో, ఉద్యోగి మరో ఊళ్లో ఉండటం 2020 మార్చి తర్వాత గోదావరి జిల్లాల్లో మామూలు సంగతైంది. హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో పనిచేసేవాళ్లు రామచంద్రపురం, ద్రాక్షారామం, మండపేట చుట్టుపక్కల ఊళ్లలోని అమ్మానాన్నల దగ్గరకు చేరి, వీధిగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని నెలల తరబడి పని చేశారు. దాని తరువాతి మెట్టు పరదేశం. నలుగురైదుగురు స్నేహితులు కలిసి బాలీలోనో థాయ్‌లాండ్‌లోనో ఇల్లు అద్దెకు తీసుకుని, మూడు నాలుగు వారాలు అక్కడుంటూ ఇక్కడి పని చేస్తారు. బాలీ గడియారం భారత కాలమానం కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. హైదరాబాదులో తొమ్మిదిన్నరకు మొదలయ్యే పని అక్కడ మధ్యాహ్నం పన్నెండుకు మొదలవుతుంది కాబట్టి పొద్దున్నంతా సముద్రానికో, గుడికో, నిద్రకో మిగులుతుంది.

ఈ బతుకును యాత్ర అనడానికి లేదు, వలస అనడానికీ లేదు. యాత్రికుడు పని మానుకుని వెళ్తాడు. వలస వెళ్లినవాడు పని కోసమే వెళ్తాడు. ఇక్కడ పని ఇంటి దగ్గరే ఉండిపోయి మనిషి మాత్రం కదిలాడు. అలాంటప్పుడు అతను ఏ నేలకు బద్ధుడు? జీతమిచ్చే నేలకా, అన్నం పెట్టే నేలకా, పుట్టిన నేలకా? ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను ల్యాప్‌టాప్ పుట్టక చాలాముందే వేరే మాటల్లో ఎదుర్కొంది.

బౌధాయన ధర్మసూత్రం పతనహేతువులైన కర్మలను లెక్కపెడుతూ సముద్రయానాన్ని మొదట పేర్కొంటుంది. అలా పతితుడైనవాడికి మూడేళ్ల కఠిన ప్రాయశ్చిత్తం విధిస్తుంది. చాలామందికి ఆ గ్రంథం గురించి తెలిసింది అంతవరకే. అదే గ్రంథం తొలి భాగంలో దేశాచారాల గురించి ఒక చర్చ ఉంది. సముద్రం మీద వెళ్లడం ఉత్తరాది వాళ్ల ఆచారాల్లో ఒకటని, మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం దక్షిణాది వాళ్ల ఆచారమని అక్కడ చెబుతారు. ఒకరి ఆచారాన్ని మరొక చోట పాటిస్తే దోషం. ఏ దేశంలో ఆ దేశమే ప్రమాణం. వెంటనే మరో ధర్మసూత్రకారుడు గౌతముడి ఆక్షేపణ కూడా నమోదవుతుంది: అది నిజం కాదు, శిష్టుల సంప్రదాయానికి విరుద్ధమైన ఆచారం ఎక్కడ చేసినా దోషమేనని. మేనరికాలు ఇప్పటికీ వినిపించే గోదావరి సీమకు ఈ వాదం పరాయిది కాదు. ధర్మం మనిషి వెంట నడుస్తుందా, లేక నేలలో నాటుకుని ఉంటుందా అన్న చర్చ ఇద్దరు సూత్రకారుల మధ్య తేలకుండా ఉండిపోయిందని గుర్తించాలి. సముద్రయానం విషయంలో మనుస్మృతిలోనూ రెండు పక్షాలు కనిపిస్తాయి. సముద్రయానం చేసినవాణ్ణి శ్రాద్ధానికి పిలవకూడదంటూనే, సముద్ర వ్యాపారంలో వడ్డీ ఎంతో తేల్చే అధికారం ఆ ప్రయాణాలు తెలిసినవారికే వదిలేస్తుంది.

గోదావరి డెల్టా తీరపు జనం ఈ సముద్రయాన నిషేధాన్ని చూసి ఆగలేదు. కోరంగి రేవు నుంచి, తర్వాత కాకినాడ నుంచి ఓడలెక్కి వేలమంది బర్మా వెళ్లారు. రంగూన్ వాళ్ల నోట రంగం అయింది. బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో మేస్త్రీల కింద పనిచేసి కొన్నేళ్లకు తిరిగొచ్చేవారు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరు పడింది. మారిషస్‌లో స్థిరపడినవాళ్లు సింహాద్రి అప్పన్నను, అమ్మోరు పండుగను, రామభజనను వెంట తీసుకెళ్లి అక్కడి నేలలో నిలిపారు. వాళ్లకు ధర్మసందేహం లేదు. ఒళ్లు, పని, దేవుడు మూడూ ఒకేచోట ఉన్నాయి. కొన్ని వారాల పరదేశవాసికి ఆ మూడూ మూడుచోట్ల ఉంటాయి. అతని చిక్కు రంగం కూలీ చిక్కు కన్నా తేలికైనదే గాని, కొత్తది.

రామచంద్రపురానికి కూతవేటు దూరంలో ఉన్న ద్రాక్షారామ భీమేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. ఆ క్షేత్రం మీద శ్రీనాథుడు 15వ శతాబ్దంలో రాసిన భీమేశ్వర పురాణంలో ఒక పరదేశవాసి కథ ఉంది. వ్యాసుడు శిష్యులతో కాశీలో ఉంటాడు. శివుడి పరీక్ష వల్ల ఎంత తిరిగినా భిక్ష దొరకదు. ఆకలి కోపంగా మారి కాశీ నగరాన్నే శపించబోతాడు. అంతలో ఒక ఇంటి ఇల్లాలిగా వచ్చిన అమ్మవారు పిలిచి శిష్యులతో సహా కడుపునిండా అన్నం పెడుతుంది. భోజనమయ్యాక శివుడు అతన్ని కాశీ విడిచిపొమ్మంటాడు. అలా వెళ్లగొట్టబడిన వ్యాసుడు గోదావరి తీరానికి, ద్రాక్షారామానికి వస్తాడు.

ఈ కథలో తప్పు ఆకలిది కాదు. పాండిత్యానికి, తపస్సుకు, శిష్యగణానికి లోటు లేనివాడు తనకు చోటిచ్చిన ఊరి మీదికే తిరగబడ్డాడు. వసతి దొరికిన ఊరు తన అవసరాలు తీర్చి తీరాలన్న భావన అతని కోపంలో ఉంది. నెట్ నెమ్మదించిందని, పక్కింటి కోడి తెల్లవారుజామున కూసిందని, గుడిలో గంటలు మీటింగుకు అడ్డమయ్యాయని అద్దెకు దిగిన ఊరిని తిట్టుకునేవాడిలోనూ ఆ భావనే ఉంటుంది. డబ్బు కట్టి ఉంటున్నాడు గనుక ఊరు తనకు బాకీ పడిందనుకుంటాడు. కానీ ఆ ఊరు అతన్ని పిలవలేదు.

పూజకు ముందు చెప్పే సంకల్పంలో ఉన్నచోటును చెప్పుకోవడం తప్పనిసరి. ద్వీపం, వర్షం, ఖండం, శ్రీశైలానికి ఏ దిక్కు, దగ్గర్లో ఏ నది అని వరుసగా చెబుతూ వస్తారు. రామచంద్రపురంలో చేసే పూజలో శ్రీశైలానికి ఈశాన్యం. సొంతిల్లయితే ఒక మాట, అద్దిల్లయితే వసతిగృహమని మరో మాట. అమెరికా గుళ్లలో తెలుగు పురోహితులు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపమని చెబుతారు. ఎక్కడున్నా ఇంటి చిరునామానే చెప్పుకునే వీలు సంకల్పంలో లేదు. పూజ చేసేవాడి గోత్రం, పేరు మారవు. నేల మాత్రం ఒళ్లు ఉన్నచోటిదే చెప్పాలి. బౌధాయనుడికీ గౌతముడికీ మధ్య తేలని వాదాన్ని పురోహితుడు నిత్యం ఇలా తేలుస్తున్నాడు: వంశం మనిషితో వస్తుంది, కర్మ ఉన్న నేల మీద జరుగుతుంది.

దీన్ని పరీక్షించే సందర్భం బాలీలో ఏటా వస్తుంది. అక్కడి హిందువులు శక సంవత్సరాదిని న్యేపి అనే మౌనదినంగా పాటిస్తారు. ముందురోజు సాయంత్రం ఓగోఓగో అనే భూతాల బొమ్మలను డప్పుల మోతతో ఊరేగిస్తారు. మర్నాడు ఉదయం ఆరు నుంచి ఆ మర్నాడు ఆరుదాకా నాలుగు నియమాలు: నిప్పు, దీపం వెలిగించకూడదు, పని చేయకూడదు, బయట తిరగకూడదు, వినోదాలు కూడదు. ద్వీపంలోని విమానాశ్రయాన్ని ఒక రోజంతా మూసేస్తారు. పెచలాంగ్ అనే ఊరి కాపలాదార్లు వీధుల్లో తిరుగుతూ వెలుతురు కనిపించిన ఇంటివాళ్లను హెచ్చరిస్తారు. 2018 నుంచి ఆ రోజు మొబైల్ ఇంటర్నెట్‌నూ ఆపేస్తున్నారు. విదేశీయులకు మినహాయింపు లేదు. హోటలు గడప దాటకూడదు.

2023లో న్యేపి, ఉగాది ఒకే రోజున, మార్చి 22న వచ్చాయి. రెండు పంచాంగాల్లోనూ అది 1945వ శక సంవత్సరపు మొదటిరోజు. అన్ని ఏళ్లూ ఇలా కలవవు. అధికమాసాల లెక్క వేరు కావడంతో 2024లో న్యేపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. కలిసిన రోజున గోదావరి ఇళ్లలో మామిడాకుల తోరణాలు, వేపపువ్వు పచ్చడి, పంచాంగ శ్రవణం. బాలీలో పొయ్యి కూడా వెలగని ఇళ్లు. అక్కడున్న తెలుగువాడికి పచ్చడి కలుపుకోవడానికి అడ్డేమీ లేదు, దానికి నిప్పక్కర్లేదు. అసలు చిక్కు ఆఫీసుతోనే. ఉగాది సెలవు లేని కంపెనీ అయితే, కాపలాదార్ల కళ్లపడకుండా కిటికీ తెర వేసుకుని, హోటలు వైఫై మీద పని కానిచ్చే వీలుంది. అలా చేస్తే పట్టుకునేవారుండరు. కానీ ఆ రోజు అతిథి చేయగల ఒకే ఒక్క ధర్మకార్యం పని మానుకోవడం. దానికి ముందుగా ఒక రోజు సెలవు పెట్టుకుంటే చాలు. ఆతిథ్యమిచ్చిన నేల కోరేది ఇంత తక్కువైనప్పుడు దాన్ని ఎగ్గొట్టడానికి ఏ డెడ్‌లైనూ సాకు కాదు.

రోజువారీ బతుకులోనూ ఇలాంటి చిన్న బాధ్యతలు ఉంటాయి. పొద్దున్నే గడపల ముందు, కాలిబాటల మీద కొబ్బరాకు దొప్పల్లో పూలు, అన్నం మెతుకులు, అగరొత్తి పెట్టి దేవతలకు నివేదిస్తారు. వాటిని తొక్కకుండా నడవాలంటే ఫోన్ మీంచి చూపు తియ్యాలి. వరిపొలాల నీటిని పంచుకునే సుబాక్ సంఘాలకు సొంత గుళ్లున్నాయి. నాట్లు ఎప్పుడు, నీళ్లు ఎవరికి ముందన్నది ఆ గుళ్ల పూజల వరుసతో ముడిపడి ఉంటుంది. యునెస్కో 2012లో ఈ పద్ధతిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అద్దెకిచ్చే విల్లాలు చాలాచోట్ల ఆ వరిచేలను పూడ్చి కట్టినవే. వేసవిలో కాలువలు కట్టేస్తే చేలకేమవుతుందో తెలిసిన డెల్టా రైతుబిడ్డకు, విల్లా ఈతకొలనులో నీళ్లెక్కడివన్న ప్రశ్న ఎవరూ నేర్పకుండానే రావాలి.

ఆతిథ్య ధర్మం తర్వాత సత్యం సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. ఎస్టోనియా 2020లో, మలేసియా 2022లో, థాయ్‌లాండ్ 2024లో దూరం నుంచి పనిచేసేవారికి వీలిచ్చే వీసాలు తెచ్చాయి. విహారయాత్ర అని రాసిచ్చి దిగినవారు పని చేసుకోవచ్చా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. వెళ్లేముందు తెలుసుకోవడం, మేనేజరుకు ఉన్నచోటు చెప్పడం నిజాయితీకి సంబంధించిన విషయాలు. వీడియో మీటింగులో వెనకున్న సముద్రం కనపడకుండా ఇంటిగోడ బొమ్మ పెట్టుకోవడం అబద్ధమే.

ఇక స్నేహితుల మధ్య ధర్మం. దీని మీద బౌద్ధ వినయపిటకం చెప్పినంత స్పష్టంగా చెప్పిన గ్రంథం అరుదు. వానాకాలం మూడు నెలలు భిక్షువులు తిరగడం మాని ఒకేచోట ఉండాలి. బుద్ధుడు తన చివరి వర్షావాసానికి ముందు, వైశాలి చుట్టుపక్కల ఎవరికెవరు స్నేహితులో, ఎవరికెవరు చనువో చూసుకుని అక్కడ ఉండమని భిక్షువులకు చెప్పాడు. అంటే మిత్రులతో కలిసి కొంతకాలం ఉండటానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు. కానీ వినయపిటకంలోని మహావగ్గలో మరో సంగతి ఉంది. కోసలదేశంలో కొందరు మిత్రభిక్షువులు గొడవలు రాకూడదని వర్షాకాలమంతా ఒకరితో ఒకరు మాట్లాడకుండా గడిపారు. ముందొచ్చినవాడు ఆసనాలు వేస్తాడు, నీళ్లు పెడతాడు. చివరన తిన్నవాడు ఎత్తి కడుగుతాడు. అంతా సైగలతోనే. హాయిగా గడిచిందని వచ్చి చెప్పుకుంటే బుద్ధుడు మెచ్చుకోలేదు, పశువుల్లా బతికి హాయిగా బతికామంటున్నారని మందలించాడు. ఆ సందర్భంలోనే ప్రవారణ విధించాడు. వర్షావాసం ముగిసేనాడు ఒక్కొక్కరూ మిగతావారి ముందు గొంతుక్కూర్చుని, తనలో చూసినదీ విన్నదీ అనుమానించినదీ ఏదైనా లోపముంటే చెప్పమని అడగాలి.

అద్దింట్లో స్నేహితులు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. గిన్నెలు ఎవరు కడగాలో, ఖర్చు ఎవరి వాటా ఎంతో ఫోన్‌లోని యాప్ తేలుస్తుంది. ఒకే హాలులో నలుగురూ చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నాలుగు మీటింగుల్లో ఉంటారు. గొడవ లేదు కాబట్టి స్నేహం బాగుందనుకుంటారు. మనసులో పెట్టుకున్నవి తిరుగుప్రయాణానికి ముందురోజు కూర్చుని ఒకరితో ఒకరు చెప్పుకోకపోతే, అవే ఊరికొచ్చాక మూడోవాడి చెవిన పడతాయి.

వర్షావాసంలో ఉన్న భిక్షువు చోటు కదలకూడదన్న నియమానికి వినయం కొన్ని మినహాయింపులిచ్చింది. ఏడు రోజుల్లో తిరిగి రావాలన్న షరతు మీద కొన్ని పనులకు వెళ్లవచ్చు. చాలా పనులకు పిలుపు రావాలి. తల్లికో తండ్రికో జబ్బు చేసిందని తెలిస్తే మాత్రం, వాళ్లు కబురు పంపకపోయినా వెళ్లవచ్చు. ఇల్లు వదిలిన భిక్షువుకే ఆ వెసులుబాటు ఉంది. రామచంద్రపురంలో ఉన్న తల్లి జ్వరం సంగతి వీడియోకాల్‌లో కొడుకు దగ్గర దాచిపెడుతుంది, అక్కడ వాడి పని చెడుతుందని. ఆమె పిలవదు. పక్కింటివాళ్ల ద్వారానో చెల్లెలి ద్వారానో తెలిసినప్పుడు, పిలుపు రాలేదు కదా అన్న మాట అతనికి వర్తించదు.