సదుద్దేశము చాలునా?

మేలు చేయదలచి చేసిన పని కీడుగా పరిణమించినయెడల, చేసినవాడు దానికి బాధ్యుడగునా? ప్రశ్న పాతది. "మా యుద్దేశము మంచిదే" అను మాటతో మనలో పెక్కుర మీ ప్రశ్నను దాటవేయుదుము. ఒక సముద్రపు నాచు కథ దానిని మఱల మన యెదుట నిలుపుచున్నది గనుక, ఆ కథను చదువరుల ముందుంచుచున్నాము.

కప్పాఫైకస్ అను నాచు ఫిలిప్పైన్సు ప్రాంతపు సముద్రములకు చెందినది. దానినుండి తీయు క్యారజీనన్ అను జిగురు పదార్థము ఐస్‌క్రీము మొదలగువానికి చిక్కదనము నిచ్చును. చిన్న ముక్కను తాటికి గట్టి ఉప్పునీట వ్రేలాడదీసిన చాలును, కొలది వారములలో అది పలురెట్లు పెరుగును. నేల అక్కఱలేదు, దుక్కి అక్కఱలేదు. బీదలకు ఇంతకంటె అనువైన పంట యేమున్నది?

1974లో హవాయి దీవులలోని ఓహూయొద్ద, కనియోహె అఖాతమునందు, కోకోనట్ ఐలండ్ అను చిన్న దీవి చెంత పరిశోధకులు దీనిని ప్రయోగార్థము నాటిరి. పరీక్ష లేకుండ విడిచిరని వారిని నిందింప వీలులేదు. 1983లో ప్రకటితమైన పరిశీలన, ఈ నాచు లోతునీటిని దాటి తనంతట పొరుగు దిబ్బలకు పోజాలదని తేల్చెను. ఊఱట గొలుపు మాటయే. కాని 1999లో ప్రకటితమైన మఱియొక పరిశీలన, అది నాటినచోటికి 6 కిలోమీటర్ల దూరమునకు ప్రాకినదనియు, ఏటికి రమారమి 250 మీటర్ల చొప్పున నడచినదనియు చూపెను. ఏటికి 250 మీటర్ల నడక ఒడ్డున నిలిచినవాని కంటికానదు, కొలిచినవానికే కనబడును.

మొదటివా రబద్ధమాడలేదు. చూచినంతవఱకు నిజమే పలికిరి. ఒకనాటి చూపు నెల్లకాలపు సత్యముగా నెంచుటయే దోషము.

ఇట్టి పరిశీలన యెట్లు జరుగునో చెప్పుదుము. నీటిలోనికి దిగి, కొలత గుర్తులు గల త్రాటిని అడుగున పఱచి, దాని వెంబడి చదరపు చట్రము నుంచి, అందులో పగడమెంత, నాచెంత, ఇసుకయెంత యని వ్రాసికొందురు. మఱుసటి యేడు మఱల అచ్చోటికే పోయి అట్లే వ్రాసికొందురు. ఇందు అద్భుతమేమియు లేదు, ఓపికయే కలదు. పూర్వపు పట్టిక లేనివానికి, ఎదుట కనబడు జీవి ఇంటిదో వచ్చినదో తెలియదు. ఆంధ్రదేశమున పెద్దభాగము చెన్నరాజధానిలో నుండిన కాలమున, 1927లో, చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాల మన్నారు సింధుశాఖలోని క్రుసడై దీవి తీరజంతువులను గూర్చి యొక సంపుటము ప్రకటించెను. అట్టి పట్టికలే తరువాతివారికి కొలబద్దలు.

ఆ క్రుసడై చెంతకే ఈ నాచును వచ్చినది. 1990ల దశకమున మండపము తీరమున దీని సాగు మొదలయ్యెను. వెదురు తెప్పలపై దీనిని పెంచి బెస్తస్త్రీలు పెక్కండ్రు నాలుగు కాసులు కండ్ల జూచిరి. తెప్పనుండి తెగిన ముక్క యెక్కడ తగులుకొన్న నక్కడ మొలచును. 2008లో క్రుసడైయొద్ద బ్రదికియున్న పగడములపై ఈ నాచు దుప్పటివలె క్రమ్మియున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వెలుగు సోకనిచో పగడము చచ్చును. పగడము చచ్చినచో దాని నాశ్రయించిన చేపలకు నిలువ నీడయుండదు. ఆ చేపలపై బ్రదుకువారును బెస్తలే. ఒక చేత నిచ్చినది మఱియొక చేత పోవునేమో యను శంక యిక్కడ పుట్టుచున్నది.

పరదేశపుది గనుక చెడ్డదనుట మా మతము కాదు. మన యావకాయలోని మిరపకాయ అమెరికా ఖండమునుండి వచ్చినదే. బీదల కూటికి మార్గము చూపినవారు పాపులనియు మే మనము. నాచును నిందించుట అంతకన్నను వ్యర్థము. అది తన ధర్మమును తాను నెఱవేర్చినది. మా వాదమొక్కటే: తెచ్చినవాని బాధ్యత తెచ్చిననాటితో తీఱదు. ప్రతి యేడును పోయి చూచుట, చూచినది తనకు ప్రతికూలమైనను దాచక చెప్పుట, చెప్పినపిమ్మట దిద్దుకొనుట, ఈ మూడును సదుద్దేశములోని భాగములే. హవాయివారు దిద్దుబాటునకు పూనుకొనిరి. నాచును నీటినుండి యంత్రములతో పీల్చి తీసిరి. 2011 మొదలుకొని, నాచును మేయు ముళ్లచర్మపు సముద్రజీవులను పెంచి దిబ్బలపై విడిచిరి. నాటుట కొన్నాళ్ల పని. తీయుట యేండ్ల పని.

చదువరులారా! మనమును బాలికల పాఠశాలలు తెఱచితిమి, శరణాలయములు కట్టితిమి. ప్రారంభోత్సవపు నాటి లెక్కలు మనకు కంఠస్థములు. పదియేండ్ల పిమ్మట ఆ గుమ్మములు త్రొక్కి, లోనివారెట్లున్నారో అడిగి వ్రాసికొన్నవార మెందఱము? మంచిపని చేసినవాడు దానిని మఱల చూడ వెఱచునేని, అతడు ప్రేమించినది ఆ పనిని గాదు, తన మంచితనమును.