మెట్లు దిగి వచ్చే తుపాను

బంగాళాఖాతం మీద లేచే సుడిగాలికి వాతావరణ శాఖ కట్టిన మెట్లంటే నాకు ఎప్పుడూ అబ్బురమే. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకోనంత వరకు అల్పపీడనం. అందుకుంటే వాయుగుండం, 50 దగ్గర తీవ్ర వాయుగుండం. 62కి తుపాను, పేరు పెట్టేది ఇక్కడే. ఆపైన 89కి తీవ్ర, 118కి అతి తీవ్ర, 167కి అత్యంత తీవ్ర తుపాను. 222 చేరితే సూపర్ సైక్లోన్. అంతా గాలి లెక్కే, వాన ఊసే లేదు.

మా తంబళ్లపల్లెకు కావలసింది ఆ వానే. నైరుతి మబ్బులు చాలామటుకు పడమటి కనుమల్లోనే కురిసిపోతాయి. మల్లయ్యకొండ కింది చెరువులు కార్తీకంలో తూర్పు దిక్కుకే చూస్తాయి.

అక్కడ సముద్రంలో ఎంత పని జరుగుతుందో! 26 డిగ్రీలు దాటి కాగిన నీరు ఆవిరై లేస్తుంది. పైన బొట్టుగా మారేటప్పుడు దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకెగస్తుంది, కింద ఏర్పడిన వెలితిలోకి చుట్టుపక్కల గాలి దూసుకొస్తుంది, భూభ్రమణం దాన్ని సుడి తిప్పుతుంది. నేల తాకాక ఆ ఆవిరి అందదు. ఎక్కిన మెట్లన్నీ దిగాల్సిందే.

2022 డిసెంబరులో మాండూస్ అలాగే దిగింది. మామల్లపురం దగ్గర తుపానుగా తీరం దాటి, తీవ్ర వాయుగుండమై, వాయుగుండమై, చివరికి అల్పపీడనమైంది. వార్తల్లో బలహీనపడిందని చెప్పే వేళకే మా వైపు ముసురు పడుతుంది. దాన్ని బలహీనత అనడానికి నాకు నోరు రాదు.

2021 నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరి నడుమ తీరం దాటింది వట్టి వాయుగుండం. రెండో మెట్టే, పేరు కూడా లేదు. దాని వానకే బాహుదా, పింఛా కలిసిన చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంచేసింది. కింద పులపత్తూరు, మందపల్లి వరద పాలయ్యాయి. ఆ ఊళ్లను తలిస్తే ఈ పొగడ్త గొంతులోనే ఆగుతుంది. మెట్టును చూసి వానను అంచనా కట్టకూడదు.

అయినా చెరువు నిండి మరవ పారిన ఏడు ఊరంతా కట్ట మీదే ఉంటుంది. ఆ నీరు ఇంకి బోర్లలో ఊరుతుంది, ఎండాకాలం టమోటా మడికి పారుతుంది. మదనపల్లె మార్కెట్లో లారీకెక్కే ఆ కాయల్లో కొంత బంగాళాఖాతం కూడా ఉంటుంది.